గాలిమర (రెంబ్రాంట్ చిత్రం)

గాలిమర 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ప్రసిద్ధ ప్రకృతి దృశ్య చిత్రం. దీనిని ఆంగ్లంలో 'ది మిల్' అని, డచ్చి భాషలో 'డె మోలెన్' అని వ్యవహరిస్తారు. 1645-1648 మధ్య కాలంలో కాన్వాసుపై తైలవర్ణాలతో చిత్రించిన ఈ చిత్రం ఎత్తు 87.6 సెంటీమీటర్లు, వెడల్పు 105.6 సెంటీమీటర్లు. ఇది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ సేకరణలో ఉన్నది.

నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ చిత్రం ఫ్రాన్సులో రాజవంశీకుల భవనంలోను, ఇంగ్లండులో ఒక పార్లమెంటు సభ్యుని ఇంటిలోను, ఆపై ఒక ప్రభువంశం వద్దను ఉండి, 1911లో అమెరికా కోటీశ్వరుని చేతికి చేరింది. 1942లో ప్రజల ఆస్తి అయినది. ఆ కాలపు యూరపు, అమెరికా సమాజాలలో సంపద ఎవరి వద్ద నుండి ఎవరి వద్దకు చేరిందో ఈ చిత్రం చేతులు మారిన తీరును బట్టి తెలుసుకొనవచ్చును. 1911 నాటి అమ్మకం కారణంగా, ఒక దేశంలోని కళాసంపదను ఆ దేశంలోనే నిలుపుకొనుట ఎట్లు అన్న ప్రశ్న బ్రిటనులో పెద్ద చర్చకు దారితీసింది.

చిత్ర వర్ణన

నీటి ఒడ్డున ఎత్తుగా కట్టిన ఒక పాత కోట బురుజుపై గాలిమర నిలిచి ఉన్నది. దాని రెక్కలు వెలుతురు నిండిన ఆకాశానికి ఎదురుగా నల్లగా, స్పష్టంగా కనిపిస్తాయి. ఆకాశంలో ఒక భాగాన్ని ముదురు మేఘాలు కమ్ముకొని ఉండగా, మిగిలిన భాగం తేటగా ఉన్నది. బురుజు క్రింద దారిలో ఒక స్త్రీ బిడ్డతో కలిసి నడుస్తున్నది. నీటి అంచున మరొక స్త్రీ బట్టలు ఉతుకుతున్నది. ఒక మనిషి పడవ నడుపుతూ ఒడ్డు వైపు వస్తున్నాడు. ఈ మనుషులందరూ చాలా చిన్నగా, నీడలో కలిసిపోయినట్లు ఉంటారు. చూసేవారి దృష్టి మొదట గాలిమర మీదనే నిలుస్తుంది.

చిత్రంలోని గాలిమర కర్రతో కట్టిన రకానికి చెందినది. ఇటువంటి మరలలో నిట్రాడు వంటి లావుపాటి స్తంభం ఒకటి మధ్యలో ఉంటుంది. మర గది మొత్తం ఆ స్తంభంపై ఆధారపడి ఉంటుంది. గాలి దిశ మారినప్పుడు గదినంతటినీ త్రిప్పి, రెక్కలను గాలికి ఎదురుగా నిలుపుతారు. గాలికి అడ్డు లేకుండుటకు మరలను ఎత్తైన చోట్ల కట్టేవారు. నగర ప్రాకారాల బురుజులు అందుకు అనువుగా ఉండేవి.

నేపథ్యం

రెంబ్రాంట్ 1606 జూలై 15న నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి హార్మెన్ వృత్తిరీత్యా మర నడిపేవాడు. బీరు తయారీకి వాడే మొలకెత్తించిన ధాన్యాన్ని ఆ మరలో పిండి చేసేవారు. మర రైన్ నది పాయ దగ్గర ఉండుటచేత ఆ కుటుంబానికి 'వాన్ రైన్' అన్న పేరు వచ్చింది. ఈ కారణంగా 'గాలిమర' చిత్రంలో ఉన్నది రెంబ్రాంట్ తండ్రి మరయేనని పూర్వం చాలామంది నమ్మేవారు. అయితే ఈ దృశ్యం ఏదో ఒక నిర్దిష్ట స్థలానికి నకలు కాదని, చిత్రకారుడు తాను చూసిన వాటిని కలిపి కల్పించుకొన్న దృశ్యమని నేటి పరిశోధకులు భావిస్తున్నారు.

రెంబ్రాంట్ ప్రధానంగా మూర్తి చిత్రాలకు, బైబిలు గాథల చిత్రాలకు పేరు పొందాడు. 1640వ దశకంలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ పరిసరాలలో తిరుగుతూ ప్రకృతి దృశ్యాలను విరివిగా గీసుకొన్నాడు. అయితే వాటిలో అధిక భాగం కాగితంపై గీసిన రేఖాచిత్రాలు, రాగిరేకుపై చెక్కి అచ్చు వేసిన చిత్రాలు. తైలవర్ణాలలో ఆయన గీసిన ప్రకృతి దృశ్యాలు చాలా తక్కువ. 1641లో ఆయన చెక్కిన ఒక రాగిరేకు చిత్రంలోను గాలిమరయే ముఖ్య వస్తువు. అది ఆమ్‌స్టర్‌డామ్ ప్రాకారంలోని ఒక బురుజుపై ఉండిన, తోలు పని వారికి చెందిన మర అని పరిశోధకులు గుర్తించారు.

డచ్చివారికి గాలిమర నిత్యజీవితంలో భాగం. ధాన్యం పిండి చేయుటకు, కలప కోయుటకు, నూనె తీయుటకు, సముద్ర మట్టం కంటే పల్లంగా ఉండే పొలాల నుండి నీటిని తోడుటకు అక్కడ గాలిమరలే ఆధారం. 1648లో మ్యూన్‌స్టర్ సంధి ద్వారా స్పెయిను దేశం డచ్చి గణతంత్రపు స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది. ఈ చిత్రం కూడా ఇంచుమించు అదే కాలానిది. అందువలన బురుజును దేశ రక్షణకు, దానిపై నిలిచిన మరను శాంతికాలపు జీవనానికి సంకేతాలుగా కొందరు కళాచరిత్రకారులు వ్యాఖ్యానించారు.

యాజమాన్య చరిత్ర

ఓర్లియన్స్ వంశం

18వ శతాబ్ది తొలి భాగంలో ఈ చిత్రం పారిస్‌లోని పాలే రోయాల్ భవనంలో, రెండవ ఫిలిప్, ఓర్లియన్స్ డ్యూక్ (1674-1723) సేకరణలో ఉండేది. పదిహేనవ లూయీ బాలుడుగా ఉన్నప్పుడు, 1715 నుండి 1723 వరకు, ఫ్రాన్సు రాజ్యపాలనను నిర్వహించినది ఈయనే. ఇటలీ, నెదర్లాండ్స్, ఫ్లాండర్స్, ఫ్రాన్సు చిత్రకారుల రచనలను ఆయన పెద్ద సంఖ్యలో సమకూర్చాడు. ఆనాటి యూరపులోని గొప్ప చిత్ర సేకరణలలో అది ఒకటి. ఆయన అనంతరం అది వారసత్వంగా కుమారునికి, మనుమనికి, ఆపై మునిమనుమనికి సంక్రమించింది.

మునిమనుమడు లూయీ ఫిలిప్ జోసెఫ్ (1747-1793) ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించి, 'సమానత్వం' అన్న అర్థం వచ్చేటట్లు 'ఫిలిప్ ఎగాలిటే' అని పేరు మార్చుకొన్నాడు. విలాసాల వలన, జూదం వలన, రాజకీయ వ్యయాల వలన ఆయన అప్పుల పాలయ్యాడు. చివరకు తాతముత్తాతల నాటి చిత్రాలను అమ్మివేశాడు. ఇటాలియన్, ఫ్రెంచి చిత్రాలు ఒకరికి, జర్మన్, డచ్చి, ఫ్లెమిష్ చిత్రాలు మరొకరికి అమ్ముడుపోయాయి. రాజు పదహారవ లూయీకి మరణశిక్ష విధించాలని ఓటు వేసిన ఎగాలిటే, అదే సంవత్సరం 1793 నవంబరు 6న తాను కూడా గిలటిన్‌కు బలి అయ్యాడు.

లండన్‌లో ప్రదర్శన

జర్మన్, డచ్చి, ఫ్లెమిష్ చిత్రాలు 147ను థామస్ మూర్ స్లేడ్ అనే ఆంగ్ల వర్తకుడు 1792లో కొన్నాడు. ఇందుకు లార్డ్ కినెయిర్డ్, లండన్ బ్యాంకర్లు మోర్లాండ్, హామర్స్లీలు పెట్టుబడి పెట్టారు. చిత్రాలు దేశం దాటిపోవడాన్ని పారిస్ చిత్రకారులు, ప్రజలు వ్యతిరేకించారు. తమ బాకీ తీరకుండా ఆస్తి తరలిపోరాదని డ్యూక్‌కు అప్పులిచ్చినవారు కూడా అడ్డు చెప్పారు. అందుచేత స్లేడ్ చిత్రాలను భూమార్గాన కలే రేవుకు పంపుతున్నట్లు ప్రకటించి, రాత్రివేళ పడవలోకి ఎక్కించి సెన్ నది మీదుగా లె హావ్ర్ రేవుకు, అక్కడ నుండి ఇంగ్లండుకు చేర్చాడు.

1793 ఏప్రిల్‌లో లండన్ పాల్ మాల్ వీధిలో ఈ చిత్రాలను అమ్మకానికి ప్రదర్శించారు. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. రోజుకు రెండు వేల మంది వరకు వచ్చి చూసేవారు. 'గాలిమర' కూడా ఈ ప్రదర్శనలో ఉన్నది. రాజభవనం గోడల మధ్య అతిథులు మాత్రమే చూడగలిగిన చిత్రాలను, రుసుము చెల్లించిన ఎవరైనా చూడగలిగిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

విలియం స్మిత్

ఓర్లియన్స్ సేకరణ నుండి వచ్చిన 'గాలిమర'ను విలియం స్మిత్ (1756-1835) కొన్నాడు. ఈయన వర్తక కుటుంబానికి చెందిన పార్లమెంటు సభ్యుడు. బానిస వ్యాపార నిర్మూలన ఉద్యమంలో విల్బర్‌ఫోర్స్‌తో కలిసి పనిచేశాడు. ఆంగ్లికన్ చర్చికి చెందని క్రైస్తవుల పౌరహక్కుల కోసం కూడా పోరాడాడు. ఆధునిక నర్సింగు వృత్తికి పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్‌కు ఈయన మాతామహుడు. జాషువా రెనాల్డ్స్ గీసిన 'విషాద దేవతగా సారా సిడన్స్' చిత్రం కూడా కొంతకాలం ఈయన వద్ద ఉండేది.

స్మిత్ ఇంటిలో ఉన్న కాలంలోనే ఈ చిత్రం ఆంగ్ల చిత్రకారులకు బాగా పరిచయమైంది. టర్నర్ 1810లో ప్రదర్శించిన గాలిమర దృశ్యంపై దీని ప్రభావం స్పష్టంగా ఉన్నది. ఆయన తన ఉపన్యాసాలలో కూడా ఈ చిత్రాన్ని ప్రస్తావించాడు. స్వయంగా మర యజమాని కుమారుడైన జాన్ కాన్‌స్టబుల్ 1836లో ప్రకృతి దృశ్య చిత్రకళపై చేసిన ఉపన్యాసాలలో ఈ చిత్రాన్ని ఎంతో ప్రశంసించాడు.

లాన్స్‌డౌన్ వంశం

1824లో ఈ చిత్రం మూడవ లాన్స్‌డౌన్ మార్క్విస్ హెన్రీ పెట్టీ-ఫిట్జ్‌మారిస్ (1780-1863) వశమైంది. మార్క్విస్ అనునది డ్యూక్ తరువాతి స్థాయి బ్రిటిష్ ప్రభు బిరుదు. ఈయన విగ్ పక్షానికి చెందిన రాజనీతిజ్ఞుడు. 1806-07లో ఆర్థిక మంత్రిగా పనిచేశాడు. విల్ట్‌షైర్ జిల్లాలోని బోవుడ్ ఈ వంశీకుల నివాస భవనం. చిత్రం ఇంచుమించు 87 సంవత్సరాలు ఈ వంశం అధీనంలో ఉన్నది.

1911లో దీనిని అమ్మిన ఐదవ లాన్స్‌డౌన్ మార్క్విస్ (1845-1927) భారతీయ పాఠకులకు పరిచితుడు. ఈయన 1888 నుండి 1894 వరకు భారతదేశ వైస్రాయిగా ఉన్నాడు. గఢ్వాల్ ప్రాంతంలోని లాన్స్‌డౌన్ పట్టణానికి ఈయన పేరే పెట్టారు. ఆ తరువాత ఈయన బ్రిటన్ యుద్ధ మంత్రిగాను, విదేశాంగ మంత్రిగాను పనిచేశాడు. లండన్ నేషనల్ గ్యాలరీకి ధర్మకర్తలలో ఒకడు కూడా.

1911 నాటి అమ్మకం

19వ శతాబ్ది చివరి భాగంలో అమెరికా నుండి చవక ధాన్యం దిగుమతి కావడంతో ఇంగ్లండులో వ్యవసాయ భూములపై వచ్చే కౌలు తగ్గిపోయింది. 1894లో మరణానంతర ఆస్తిపన్ను పెరిగింది. భూస్వాములపై మరిన్ని పన్నులు ప్రతిపాదించిన 1909 బడ్జెటును ప్రభువుల సభ తిరస్కరించింది. ఆ సభలో ప్రతిపక్ష నాయకుడు ఈ లాన్స్‌డౌన్ ప్రభువే. ఇటు ప్రభువంశాలకు ధనం అవసరమవుతున్న కాలంలోనే అటు అమెరికాలో రైళ్లు, ఉక్కు, నూనె, ట్రాము వ్యాపారాలలో అపార ధనం ఆర్జించినవారు చిత్రాలు కొనసాగారు. 1909లో అమెరికా ప్రభుత్వం పాత కళాఖండాలపై దిగుమతి సుంకం తొలగించడంతో వారికి మరింత వెసులుబాటు కలిగింది.

1911 ఆరంభంలో 'గాలిమర'కు 1,00,000 పౌండ్లు ఇచ్చుటకు అమెరికా నుండి ప్రతిపాదన వచ్చింది. ఒక చిత్రానికి అంత ధర పలకడం ఆనాడు చాలా అరుదు. లాన్స్‌డౌన్ ప్రభువు లండన్ నేషనల్ గ్యాలరీకి దీనిని 95,000 పౌండ్లకు ఇస్తానని, అనగా 5,000 పౌండ్లు తన వంతుగా వదులుకొంటానని తెలియజేశాడు. కాని అంత సొమ్ము సమకూరలేదు. ధర్మకర్తయే తన చిత్రాన్ని విదేశీయునికి అమ్ముకొనుట తగునా అని కొందరు విమర్శించారు. వ్యక్తిగత ఆస్తిని అమ్ముకొనే హక్కు యజమానికి ఉన్నదని మరికొందరు సమర్థించారు.

దీనికి రెండేళ్ల ముందు, 1909లో, హోల్బైన్ గీసిన 'మిలాన్ డచెస్ క్రిస్టీనా' చిత్రం కూడా ఇటువంటి స్థితిలోనే ఉండెను. నేషనల్ ఆర్ట్ కలెక్షన్స్ ఫండ్ అను సంస్థ చందాలు పోగుచేసి, దానిని 72,000 పౌండ్లకు లండన్ నేషనల్ గ్యాలరీకి కొనిపెట్టింది. పేరు వెల్లడించని ఒక స్త్రీ అందులో 40,000 పౌండ్లు ఇచ్చింది. 'గాలిమర' విషయంలో అటువంటి దాత ఎవరూ ముందుకు రాలేదు. లండన్ వర్తకుడు ఆర్థర్ సల్లీ ద్వారా చిత్రం అమెరికాకు వెళ్లిపోయింది.

ఆ సంవత్సరమే లండన్ నేషనల్ గ్యాలరీ ధర్మకర్తలు, ముఖ్యమైన చిత్రాలను దేశంలో నిలుపుకొనే మార్గాలు సూచించుటకు ఒక సంఘాన్ని నియమించారు. దీనికి అధ్యక్షుడు భారతదేశానికి వైస్రాయిగా పనిచేసిన మరొక ప్రముఖుడు, కర్జన్ ప్రభువు. ఈ సంఘం నివేదిక 1915లో వెలువడింది. బ్రిటనులో కళాఖండాల ఎగుమతిని పరిశీలించుటకు స్పష్టమైన నియమాలు 1952లో వేవర్లీ సంఘం సిఫార్సులతో ఏర్పడ్డాయి. వాటి ప్రకారం ఒక ముఖ్యమైన కళాఖండాన్ని దేశం దాటించడానికి అనుమతి ఇచ్చే ముందు, దానిని దేశీయ సంస్థలు కొనుగోలు చేసేందుకు గడువు ఇవ్వవచ్చును.

వైడెనర్ కుటుంబం

చిత్రాన్ని కొన్న పీటర్ వైడెనర్ (1834-1915) ఫిలడెల్ఫియా నగరవాసి. మాంసం వర్తకంతో జీవితం ఆరంభించి, అమెరికా అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి మాంసం సరఫరా చేసి ధనం గడించాడు. ఆ తరువాత నగర ట్రాము మార్గాలలో పెట్టుబడి పెట్టి దేశంలోని మహా ధనవంతులలో ఒకడయ్యాడు. ఫిలడెల్ఫియా సమీపంలో 110 గదులతో నిర్మించిన లినివుడ్ హాల్ అను భవనంలో తన చిత్రాలను ఉంచాడు. చిత్రం కొన్న మరుసటి సంవత్సరమే, 1912 ఏప్రిల్‌లో, ఆయన కుమారుడు జార్జి, మనుమడు హారీ టైటానిక్ ఓడ ప్రమాదంలో మరణించారు.

పీటర్ వైడెనర్ తన వీలునామాలో ఈ సేకరణను ఫిలడెల్ఫియా, న్యూయార్కు లేదా వాషింగ్టన్ నగరాలలోని ఒక ప్రదర్శనశాలకు ఇచ్చే అధికారాన్ని మరొక కుమారుడు జోసెఫ్ వైడెనర్ (1871-1943)కు అప్పగించాడు. జోసెఫ్ 1942లో దానిని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు ఇచ్చాడు. ఆ గ్యాలరీ అంతకు ముందు సంవత్సరమే, 1941 మార్చి 17న ప్రారంభమైనది. బెల్లినీ 'దేవతల విందు', రాఫెల్ 'చిన్న కౌపర్ మడోన్నా', వెర్మీర్ 'త్రాసు పట్టిన స్త్రీ' వంటి ప్రసిద్ధ చిత్రాలు కూడా ఈ విధంగానే ఆ గ్యాలరీకి చేరాయి. అక్కడ ప్రవేశ రుసుము లేదు.

కర్తృత్వ వివాదం

'గాలిమర'పై రెంబ్రాంట్ సంతకం గాని, తేదీ గాని లేదు. 19వ శతాబ్దంలో దీని కర్తృత్వాన్ని సాధారణంగా ఎవరూ శంకించలేదు. కాని 1911లో ధర పెరిగి చిత్రం వార్తలకెక్కిన సమయంలో, ఇది రెంబ్రాంట్ రచన కాదేమోనని కొందరు అన్నారు. రెంబ్రాంట్ తైలవర్ణ దృశ్యాలు తక్కువగా ఉండుటచేత శైలిని పోల్చి చూచుట కష్టం. జర్మన్ పండితుడు విల్హెల్మ్ ఫాన్ బోడె ఇది రెంబ్రాంట్ రచనయేనని గట్టిగా వాదించాడు. 20వ శతాబ్ది చివరి వరకు కూడా కొందరు పండితులు సందేహాలు వ్యక్తం చేస్తూనే వచ్చారు.

ఇటువంటి సందేహాలు నిరాధారమైనవని కొట్టివేయుటకు వీలులేదు. బోస్టన్ నగరానికి చెందిన ఇసబెల్లా స్టీవర్ట్ గార్డనర్ 1900లో రెంబ్రాంట్ పేరుతో కొన్న 'స్తూపం ఉన్న ప్రకృతి దృశ్యం' అను చిత్రం, ఆయన శిష్యుడు గోవర్ట్ ఫ్లింక్ గీసినదని తరువాత తేలింది. ఆ చిత్రం 1990 మార్చి 18న గార్డనర్ ప్రదర్శనశాల నుండి దొంగిలించబడింది. 'గాలిమర' విషయంలో ఎక్స్-రే పరీక్షలు కొంత సాయపడ్డాయి. చిత్రకారుడు మొదట ఒక వంతెనను చిత్రించి, ఆ తరువాత దానిపై రంగు వేసి కప్పివేసినట్లు వాటిలో కనిపించింది. నకలు తీసేవారు సాధారణంగా ఇటువంటి మార్పులు చేయరు. నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ దీనిని రెంబ్రాంట్ రచనగానే పేర్కొంటున్నది.

శుభ్రపరచుట

తైలవర్ణ చిత్రాలపై రక్షణ కోసం పూసే వార్నిషు కాలక్రమంలో పసుపు, గోధుమ రంగులకు మారుతుంది. 'గాలిమర'పై కూడా ఇటువంటి పూత దట్టంగా పేరుకొని ఉండేది. దాని వలన ఆకాశం బంగారు ఛాయలోను, క్రింది భాగం చీకటిగాను కనిపించేవి. 19వ శతాబ్దపు చిత్రకారులు, విమర్శకులు ఈ చిత్రంలో మెచ్చుకొన్న గాంభీర్యానికి, విషాదానికి ఆ పూత కూడా కొంత కారణం.

1977-1979 మధ్య నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ నిపుణులు ఈ పాత వార్నిషును తొలగించారు. ఆకాశంలోని నీలివర్ణం బయటపడింది. నీడలో దాగిన వివరాలు స్పష్టమయ్యాయి. తమకు తెలిసిన పాత రూపం పోయిందని కొందరు బాధపడగా, రెంబ్రాంట్ గీసిన రూపానికి ఇదే దగ్గర అని మరికొందరు సమర్థించారు. టర్నర్, కాన్‌స్టబుల్ చూసిన చిత్రం, లాన్స్‌డౌన్ అమ్మిన చిత్రం, వైడెనర్ లక్ష పౌండ్లకు కొన్న చిత్రం ఈ నీలాకాశపు చిత్రం వలె ఉండేవి కావు. ఈ చిత్రంపై పాత విమర్శకుల అభిప్రాయాలను చదివేవారు ఈ తేడాను గుర్తుంచుకొనవలెను.

యజమానుల వరుస

రెండవ ఫిలిప్, ఓర్లియన్స్ డ్యూక్, పారిస్ - 1723కు పూర్వం
ఓర్లియన్స్ వంశీకులు, పారిస్ - 1723 నుండి 1792 వరకు
థామస్ మూర్ స్లేడ్, అతని భాగస్వాములు, లండన్ - 1792 నుండి
విలియం స్మిత్, పార్లమెంటు సభ్యుడు - 1824కు పూర్వం
లాన్స్‌డౌన్ మార్క్విస్‌లు - 1824 నుండి 1911 వరకు
పీటర్ వైడెనర్, ఆపై జోసెఫ్ వైడెనర్, ఫిలడెల్ఫియా - 1911 నుండి 1942 వరకు
నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, వాషింగ్టన్ - 1942 నుండి